గోడ పగలగొట్టింది ఎవరు?

కూతురు అబద్ధాలకోరు. ఆ సంగతిలో మోటారు మెకానిక్‌కి ఇక అనుమానం లేదు. తోడు రమ్మని బతిమాలితే షాపు మూసుకుని వచ్చి, మనసు జబ్బుల డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాడు. తీరా చూస్తే ఇది నోరు తెరవడం, అబద్ధం రాలడం.

"ఎప్పుడూ దిగులేనండీ," అంటోంది కూతురు.

"దిగులు లేని రోజుల్లో ఎలా ఉంటారు?" అడిగింది డాక్టరమ్మ.

"బావుండే రోజుల గోలెందుకమ్మా?" మెకానిక్ విసుక్కున్నాడు.

"అదే ముఖ్యం. దిగులు పుట్టాకే అందరూ మా దగ్గరికొస్తారు. మధ్యలో వచ్చిన అతి హుషారు సంగతి ఎవరూ చెప్పరు. అది తెలియకపోతే, దిగులూ అతి హుషారూ మార్చి మార్చి వచ్చే బైపోలార్ టూ జబ్బుని కూడా వట్టి దిగులే అనుకుంటాం."

"ఉందండీ హుషారు," అంది కూతురు. "ఓసారి వారం పాటు సరిగా నిద్రే లేదు. అయినా అలుపు రాలేదు. వంటగది పెద్దది చేస్తానని గోడ పగలగొట్టేశాను."

"నువ్వా? సుత్తి ఎటు పట్టుకోవాలో తెలుసా నీకు? ఆ గోడ కొట్టింది నేను!"

"ఊరుకో నాన్నా, అడిగింది నన్ను. రిపేరుకొచ్చిన మోటార్లన్నీ ఒక్కసారే విప్పేశానండీ..."

"పచ్చి అబద్ధం! విప్పింది నేను. వైండింగ్‌కి కొత్త ఉపాయం తట్టింది. గొంతు బొంగురుపోయేదాకా కనబడ్డవాడికల్లా చెప్పాను."

"మళ్ళీ బిగించారా?" డాక్టరమ్మ అతని వైపు తిరిగింది.

"ఎక్కడ? మంచం దిగితేగా! వానలు మొదలై ఆగిపోయేదాకా గోడ వైపు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. తిండి సయించదు. బతికి ఎవర్ని ఉద్ధరించాలి అనిపిస్తుంది. ఆ బాధ పడ్డది నేను. దాన్ని కూడా తనే పడ్డట్టు ఇది చెప్పుకుంటే నోరు మూసుకోవాలా?"

కూతురు తల వంచుకుంది. ఇంకో అబద్ధం ఆడలేదు.

"ఇంకా కొన్ని అడగాలి, రక్త పరీక్ష చేయించాలి. వచ్చే వారం రండి," అంది డాక్టరమ్మ.

"తీసుకొస్తాను దీన్ని. తప్పుతుందా!"

"ఆమె కాదు. మీ అమ్మాయి చీటీలో రాయించింది మీ పేరే."

మెకానిక్ కూతురి వైపు తిరిగాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"వస్తాలే. కానీ నన్నిలా బోల్తా కొట్టించిన సంగతి నేను చచ్చేదాకా నా దగ్గర ఎత్తకు."