“అచ్ఛా” అనే పెద్దాయన

ముసలాయన వచ్చి బెంచీ చివర కూర్చుని ఏదో అడగబోయాడు. సరిగ్గా అప్పుడే రఘునందన్ సెల్‌ఫోన్ మోగింది.

హైదరాబాద్ నుంచి భార్య ఉమ.

“ట్రాన్స్‌ఫర్ సంగతి ఏమైందండీ?”

“వచ్చేస్తుంది. వచ్చేవారం విచారణలో ‘నేనేమీ చూడలేదు’ అని ఒక్క ముక్క అంటే చాలట. మా డైరెక్టర్ మాటిచ్చాడు.”

“మరి మీరు నిజంగా చూడలేదా?”

“సిగ్నల్ సరిగా లేదు, మళ్ళీ చేస్తా” అని పెట్టేశాడు.

సిగ్నల్ దివ్యంగా ఉంది.

చలికాలం ఢిల్లీలో భోజనాల వేళకి సర్కారు ఆఫీసులన్నీ పచ్చిక మీదికి తరలివస్తాయి. ఎండ కాగుతూ కొందరు పేకాడతారు, కొందరు స్వెటర్లు అల్లుతారు, కొందరు కునుకు తీస్తారు. రఘునందన్ మాత్రం ఎవరితోనూ కలవడు. ఈ మూల బెంచీ మీద ఒక్కడే కూర్చుంటాడు.

ఢిల్లీలో తెలుగువాడికి ఒక ధీమా ఉంటుంది, పక్కవాడికి మన భాష రాదని. బస్సులో ఎదుటివాడి బట్టతల మీద వాడి ముందే జోకులేసుకుంటాం. ఆ ధీమాతోనే రఘునందన్ ముసలాయన వైపు తిరిగి తెలుగులో అనేశాడు.

“చూశారా పెద్దాయనా? కట్టుకున్న పెళ్ళానికి కూడా జవాబు చెప్పలేకపోయాను. మీకేం అర్థమవుతుంది లెండి!”

అడగబోయిన మాట ముసలాయన నోట్లోనే ఆగిపోయింది. కాసేపు అతని ముఖంలోకి చూశాడు.

“అచ్ఛా” అన్నాడు.

జేబులోంచి పల్లీల పొట్లం తీసి ముందుకు చాపాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అదే ఇటికరంగు మఫ్లర్, అదే పొట్లం, అదే “అచ్ఛా”.

మయూర్ విహార్ ఫ్లాట్‌లో రఘునందన్‌ది ఒంటరి కాపురం. తాళం తీయగానే టీవీ పెట్టేవాడు, నిద్రపట్టేదాకా కట్టేవాడు కాదు. ఇల్లు సద్దుమణిగితే లోపల్నుంచి ఎవడో ప్రశ్నలు వేస్తాడని భయం. అలాంటి మనిషి, ఈ బెంచీ మీద కూర్చుంటే మాత్రం ఆగేవాడు కాదు.

“టెండరు కాగితం మార్చింది మా డైరెక్టరే. కళ్ళారా చూశాను. నెపం మాత్రం మా ఆఫీసులోని కస్తూరి మీద పడింది. పాపం, సస్పెండ్ చేశారు.”

“అచ్ఛా.”

“మన తెలుగమ్మాయే. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిస్తుంది. చిన్న వయసు. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరక్కపోదు. ఏం కొంప మునిగిపోతుంది చెప్పండి?”

పల్లీ ఒలుస్తున్న వేళ్ళు ఆగాయి. ముసలాయన తల దించుకుని పొట్టు ఊదాడు. ఆ గింజలు తను తినలేదు. రఘునందన్ అరచేతిలో పోశాడు.

ఎందుకో రఘునందన్ అవి తినకుండా గుప్పిట మూశాడు.

విచారణకి ముందురోజు రఘునందన్ వచ్చి కూర్చున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు.

“నా భయం డైరెక్టరంటే కాదు పెద్దాయనా. ట్రాన్స్‌ఫర్ రాదనీ కాదు. రేపు ఆ గదిలో నోరు తెరిస్తే, నేనెలాంటివాడినో నాకు తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ మంచివాడిననే అనుకుంటూ వచ్చాను. ఎప్పుడూ తరచి చూసుకోలేదు. చూసుకోవాలంటేనే హడలు.”

ఈసారి ముసలాయన “అచ్ఛా” కూడా అనలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయినట్టు అలాగే ఉంచాడు.

మర్నాడు విచారణ గదిలో అడిగారు.

“మీరేం చూశారు?”

రఘునందన్ చూసిందంతా చెప్పేశాడు.

ట్రాన్స్‌ఫర్ అటకెక్కింది. ఉమకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

“ఇవాళ సిగ్నల్ బాగానే ఉందే!” అంది. ఆమె గొంతులో నవ్వుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి టీవీ పెట్టలేదు. కుర్చీ లాక్కుని ఊరికే కూర్చున్నాడు. ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది. భయం వేయలేదు.

ఈ ముక్క పెద్దాయనకి చెప్పాలని మర్నాడు తనే పల్లీలు కొనుక్కుని వెళ్ళాడు.

బెంచీ ఖాళీ.

ఆ మర్నాడూ ఖాళీ. ఎక్కడని వెతుకుతాడు? పేరైనా తెలియదు. ఇన్నాళ్ళూ తన సోది చెప్పుకోవడమే తప్ప, ఆయన మంచీచెడ్డా ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. కొన్న పల్లీలు అక్కడి ఉడతలకి వేసి వచ్చేశాడు.

హోలీ దగ్గరపడుతుండగా కస్తూరి మళ్ళీ డ్యూటీలో చేరింది. ఈమధ్యే ఆమె తండ్రి పోయాడని ఎవరో అంటే, పలకరిద్దామని సీటు దగ్గరికి వెళ్ళాడు.

“మీ నాన్నగారి సంగతి ఇప్పుడే తెలిసిందమ్మా...”

ఎండలు ముదురుతున్నా ఆమె మెడలో మఫ్లర్ ఉంది. ఇటికరంగుది.

“నాన్నది, సర్.”

ఆమె అతనితో తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి. కూడబలుక్కుంటూ చెప్పింది.

“నాకోసం మిమ్మల్ని బతిమాలడానికే రోజూ వచ్చేవారు. ‘అడిగారా?’ అంటే, ‘ఇంకా లేదమ్మా, ఆయన తనతో తను మాట్లాడుకుంటున్నాడు, మధ్యలో మనం దూరకూడదు’ అనేవారు. విచారణ రోజు సాయంత్రం, మీరేం చెప్పారో తెలిసి ఎంత ఏడ్చారో! ‘రేపు వెళ్ళి ఆయనతో తెలుగులో మాట్లాడతానమ్మా’ అని పడుకున్నారు, సర్.”