హారంలో సున్నా

“అది మార్కు కాదండీ, ఈ పిల్ల సీటు!” లెక్కల మాస్టారు బల్ల చరిచారు. అవతల పరీక్షల అధికారి ఒలికిపోబోయిన టీ కప్పును పట్టుకున్నాడు. మాస్టారి వెనక నిలబడ్డ అమ్మాయికి ప్రాణం లేచివచ్చింది. ఒక్క మార్కులో కాలేజీ సీటు పోయింది; మొరపెట్టుకోవడానికి ఆ సాయంత్రమే గడువు.

“కాకిపిల్ల కాకికి ముద్దు!” అధికారి నవ్వాడు. “కీలో జవాబు మూడని ఉంది. మీ శిష్యురాలు ‘సాధన లేదు’ అని రాసింది.”

“లేదు కాబట్టే లేదని రాసింది! చెప్పమ్మా.”

అమ్మాయి గొంతు సవరించుకుంది. “రెండు భిన్నాల కిందా ఎక్స్ మైనస్ మూడు ఉంది సార్. దానితో ఇరువైపులా గుణిస్తే భిన్నాలు పోయి, ఎక్స్ విలువ మూడని వస్తుంది. కానీ ఆ మూడును మొదటి సమీకరణంలో పెడితే హారం సున్నా అవుతుంది. సున్నాతో భాగించలేం కదా! అందుకే ఆ జవాబు కొట్టేశాను.”

“విన్నారా? ప్రతి మెట్టూ న్యాయంగానే ఎక్కి అబద్ధం దగ్గరికి చేరవచ్చు. వెనక్కి తిరిగి చూసుకోనివాడికి అదే నిజంలా కనబడుతుంది. ఆ కీ రాసిన మహానుభావుడెవరో గాని, సుద్దముక్క ముట్టుకునే అర్హత లేదు!”

“నాకు వచ్చిన లెక్కల్లా సెలవుల లెక్కే మాస్టారూ. వంద ప్రశ్నలకు ఒక్క పూటలో రాయించిన కీ ఇది. తప్పని మీరు ఈ కీ కాగితం కిందే రాసి సంతకం పెట్టండి, మార్కు ఇప్పుడే కలిపిస్తాను. రాసినాయన పేరు సీలు వేసిన కవరులో ఉంది, నాకూ తెలియదు. తప్పు తేలితే అది తెరుస్తారు. ఆయన పరువు బజారున పడినట్టే.”

“పడనివ్వండి! ఇటివ్వండి ఆ కాగితం.”

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశారు. చాలాసేపు చూశారు. కలం కోసం చాచిన చెయ్యి మధ్యలోనే ఆగి, మెల్లగా జేబులోకి వెళ్లిపోయింది.

“కీ... సరిగానే ఉందండీ. పిల్లే పొరబడింది.”

“మాస్టారూ!”

“పదమ్మా,” అన్నారాయన, ఆమె ముఖం చూడకుండా.

అధికారి కాగితాన్ని ఫైల్లో పెట్టబోతుండగా అమ్మాయి చూపు దానిమీద పడింది. ఆకుపచ్చ సిరా, ఎడమకు ఒరిగిన అక్షరాలు. రెండేళ్లుగా తన నోటుబుక్కులో ప్రతి లెక్క కిందా ‘సరిచూడు’ అని రాస్తూ వచ్చిన దస్తూరీ అది.