కొవ్వులో కాగిన చైను

చైను మళ్ళీ తెగింది. డాక్టరు ప్రభాకరరావు తన చిన్న మోటారు సైకిలును రెండు మైళ్ళు ఇసుకలో తోసుకుంటూ, చెమటలు కక్కుతూ ఆశ్రమం గేటు దగ్గరకు వచ్చాడు.

అది 1926. టెక్కలికి అవతల, జీడితోటల మధ్య, చుట్టూ ముళ్ళకంచె. లోపలున్న వాళ్ళంతా కుష్ఠురోగులు. నయమైతే తప్ప బయటికి పోకూడదు. నయమయ్యాక ఒక్కపూట కూడా లోపల ఉండకూడదు. నియమమంటే నియమమే, ఏడ్చినా మొత్తుకున్నా అంతే.

"గిద్యోనూ! ఎక్కడున్నావయ్యా?"

గిద్యోను పరుగున వచ్చాడు. పలాస రైలు షెడ్డులో ఫిట్టరుగా చేసినవాడు. కుడిచేతికి స్పర్శ పోయింది, దాంతోపాటే ఉద్యోగమూ పోయింది. భార్య మగ్దలీనకూ అదే రోగం. ఆమె గోడకు అవతల, ఆడవాళ్ళ వైపు ఉంటుంది. ఆమె వేళ్ళు అప్పటికే ముడుచుకుపోయాయి. ఇక విచ్చుకోవని డాక్టరుకీ తెలుసు, గిద్యోనుకీ తెలుసు.

చైను చూడగానే గిద్యోను తల కొట్టుకున్నాడు.

"దీనికేటి రాసినారు బాబూ?"

"మా కాపలా పోలారావు జీడిపిక్కల నూనె పూశాడయ్యా. పడవలకు పూస్తే ఉప్పుగాలికి చెడవట కదా!"

"పడవ సెక్కకి సరే. దీనికి రాత్తే బంకలాగ ఎండిపోద్ది. కీళ్ళన్నీ ఎలాగ బిగిసిపోనాయో సూడండి."

మద్రాసు నుంచి తెప్పించిన కొత్త చైన్లు రెండు డాక్టరు సంచిలో ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. లావుదైతే తెగదని ఆయన ఆశ. గిద్యోను రెండింటినీ పళ్ళచక్రం మీద పెట్టి చూశాడు.

"లావుది పళ్ళల్లో కూకోదు బాబూ. సన్నదే ఎయ్యాల. మరీ బిగించీకూడదు. ఏలితో నొక్కితే కూసింత ఆడాల."

కొత్త చైనును కిరసనాయిలులో కడిగి, తన కొట్టం ముందున్న పొయ్యి మీద కరుగుతున్న మేక కొవ్వులో వేశాడు. కొవ్వు కీళ్ళలోకి దిగాలంటే కాసేపు కాగాలి. తర్వాత పైపైన తుడిచేస్తే ఇసుక అంటదు.

ఈలోగా డాక్టరు అతని కుడిచెయ్యి పట్టుకుని చూశాడు. కళ్ళు మూసుకోమని, సూదితో పొడిచాడు.

"తెలిసిందా?"

"నేదు బాబూ."

"మచ్చ బాగా తగ్గిందయ్యా. మందు పనిచేసినట్టే ఉంది మరి!"

గోడ అవతల నుంచి మగ్దలీన గొంతు వినబడింది.

"ఏటంతన్నారు మావా డాట్రుగోరు? నయమైపోనాదంతన్నారా? అయితే బేగి ఎల్లిపో. మనిద్దర్లో ఒకలైనా బైటపడాల."

గిద్యోను కంచె వైపు చూశాడు. కంచె అవతల కవిటి పోయే బండిదారి. ఆ ఊళ్ళో అతని అన్న కొబ్బరితోట చూసుకుంటూ, తమ్ముడి కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఎన్నాళ్ళని ఇక్కడ మగ్గిపోతావు? ఇంటికి వెళ్ళాలని లేదూ?" అన్నాడు డాక్టరు.

"ఎందుకు నేదు బాబూ? కళ్ళు మూత్తే మా తోటే" అన్నాడు గిద్యోను.

"నాకెందుకో నీకు నయమైందనే అనిపిస్తోంది. ఈ నెలలోనే పంపించేస్తాను."

గిద్యోను గబుక్కున లేచాడు.

"అయ్యో, సైను మాడిపోతాది!"

పట్టకారు పక్కనే ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. గొంతెత్తి కీర్తన పాడుతూ, కాగుతున్న కొవ్వులో కుడిచెయ్యి పెట్టి చైను పైకి తీశాడు.

"ఏయ్, పట్టకారు!" అని అరిచాడు డాక్టరు.

గిద్యోను చైనును తాపీగా గోనెగుడ్డ మీద పరిచాడు. అరచెయ్యంతా బొబ్బలెక్కింది.

"కాలలేదూ?"

"ఏటి బాబూ, కాలడం?" అని నవ్వాడు గిద్యోను. నుదుటి మీద చెమట. పొయ్యి దగ్గర ఎవరికైనా పడుతుంది.

డాక్టరు ముఖం వాడిపోయింది. పాపం, తనకే శిక్ష పడినట్టు నిట్టూర్చాడు.

"స్పర్శ ఇంకా రాలేదన్నమాట. ఇంకో ఏడాది చూద్దాం. ఉండు, మందు తెస్తాను" అంటూ లోపలికి వెళ్ళాడు.

గిద్యోను కొట్టం వెనక్కి పరుగెత్తి, నీళ్ళ కుండలో చెయ్యి ముంచి, గోడ అవతలికి వినబడకుండా నోట్లో తువ్వాలు కుక్కుకుని, మంటకు గిలగిలా కొట్టుకున్నాడు.