మాస్కు చెప్పిన జవాబు

కాకినాడ రేవు గోదాములో తవుడు నూనె ట్యాంకు కడగడానికి ఒకరు లోపలికి దిగితే, పైన మూత దగ్గర ఒకరు కాపలా ఉండాలి. ఈవేళ దిగినవాడు సత్తిరాజు. కాపలా వీరవేణి.

పైనుంచి మాటిమాటికీ పలకరిస్తుంటే పని సాగడం లేదని, ఇప్పుడు లోపలివాడి గొంతుతో వాడి ముఖానికి తొడిగిన గాలి మాస్కే జవాబు చెప్పేస్తోంది. ఊళ్లో అందరి ఫోన్లూ చేసే పనే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. వీరవేణికి మాత్రం కుదురు లేదు.

"సత్తిరాజూ, బాగున్నావా?"

"బాగున్నానక్కా."

ఆ మాట వాడిదో మాస్కుదో తెలియలేదు. వంగి చూసింది. వాడి నెత్తిమీది దీపం కదలడం లేదు.

"ఒరే, నిన్న నువ్వు తెచ్చిన పనసపొట్టు కూర గడ్డిలా ఉందిరా!"

తన వంటని ఒక్క మాటంటే వారం రోజులు మొహం చూడని మనిషి వాడు.

"నిజమేనక్కా. ఈసారి బాగా చేస్తాను."

అది వాడి మాట కాదు. వీరవేణి నిచ్చెన మీద కాలు పెట్టేసింది. పడినవాడి కోసం దిగితే లోపలి విషవాయువుకి ఇద్దరూ పోతారని శిక్షణలో నూరిపోసింది గుర్తొచ్చి, కాలు వెనక్కి లాక్కుంది. గంట కొట్టి, వాడి నడుముకి కట్టిన తాడు పైకి లాగే చక్రాన్ని రెండు చేతులా తిప్పింది.

పైకొచ్చి వాలిపోయిన మనిషి ముఖం మీద నుంచి మాస్కు, "పని బాగా సాగుతోందక్కా," అంది.

దాన్ని పీకి అవతల పారేసింది. చెంపలు తడుతూ అరిచింది. "గడ్డిరా నీ కూర! వింటున్నావా? ఒట్టి గడ్డి!"

సత్తిరాజు కనుబొమలు ముడిపడ్డాయి.