మిర్చి మామ మీసం

గేటు దగ్గర పేపర్ పడ్డ చప్పుడు కాగానే నాగలత పరుగెత్తింది. అక్కడే నిలబడి లోపలి పేజీ తిప్పింది. మూలన మిర్చి మామ ఉన్నాడు. అమ్మయ్య అనుకుని పేపర్ తెచ్చి అత్తగారికిచ్చింది.

సీతారావమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "మావాడు బొమ్మ పంపిండంటే మంచిగనే ఉన్నట్టు. టిఫిన్ పెట్టమ్మా," అంది.

ఉదయ్ భాస్కర్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. అతను రోజూ పేపర్లో గీసే మిర్చి మామ కార్టూన్ చూడందే ఖమ్మంలో చాలామందికి టీ దిగదు. భద్రాచలం అవతల అడవిలో ఓ బడి పిల్లలకు బొమ్మలు నేర్పి వస్తానని వెళ్లాడు. వెళ్లిన రోజే వాన పట్టుకుంది. వాగులు పొంగి దారులు తెగిపోయాయి. ఫోన్ కలవడం లేదు. ఉన్నాడో కొట్టుకుపోయాడో చెప్పే దిక్కు లేదు.

సీతారావమ్మకేమో గుండె ఆపరేషన్ అయి ఎన్నాళ్లో కాలేదు. కంగారు పెట్టొద్దని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. ఒక్క రోజు మామ కనబడకపోతే ఆ గుండె ఏమవుతుందో!

నాగలతకు కాలు నిలవడం లేదు. పొద్దస్తమానం ఫోన్ నొక్కుతూనే ఉంది. మధ్యాహ్నం కాగానే మొగుడి గదిలో దూరి తలుపేసుకునేది. బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉండేవి. ముఖం, చేతులు కడుక్కుని వంటింట్లో పడేది.

పక్కింటి రాంబాబు వచ్చి పేపర్ చూశాడు. "వదినా, గీసేటోళ్లు వారం బొమ్మలు ముందుగాలనే ఇస్తరంట గదా? గట్లయితే ఇది..."

నాగలత కళ్లురిమింది. రాంబాబు నాలుక కరుచుకున్నాడు.

సీతారావమ్మ తలెత్తలేదు. "ఈమధ్య మామ మీసం ఏందో వంకర పోతున్నది," అంది.

"అడవిల సరైన బల్ల ఉండదు గదా అత్తయ్యా." నాగలత పేపర్ మడిచేసింది.

వాన వెలిసిన పొద్దున ఫోన్ మోగింది.

"లతా, నేనే. వాగు తగ్గింది. రోడ్డు మీదికొచ్చిన."

నాగలత భోరుమంది. ఇన్నాళ్లూ బిగబట్టిందంతా ఒక్కసారే తెగింది.

"ఏడ్వకు. అమ్మ ఎట్లుంది? బస్సు దొరకంగనే వస్త. ఇన్ని రోజులు ఒక్క బొమ్మ పంపలేకపోతి, ముందు పేపర్ ఆఫీసుకు పోయి ఎడిటర్ కాళ్లు పట్టుకోవాలె."

సీతారావమ్మ ఫోన్ అందుకుంది.

"ఆగమాగం కాకు నాయనా, నిమ్మళంగ రా, నువ్వు లేనన్ని రోజులు మీసమొక్కటి తప్ప మామను నీకంటె మంచిగనే గీసింది నీ పెండ్లాం!"