ఎలుగుబంటి అలక

అడవిలో మిగిలిన ఒకే ఒక్క ఎలుగుబంటి ఆ ఉదయం కోడలి మీద అలిగింది.

"రాజు వేషాలు వేసినవాణ్ణి. నాకు నటన నేర్పుతున్నావా?" అంది, కాఫీ గ్లాసు పక్కకు నెట్టి.

"నటించొద్దనే చెబుతున్నాను మామయ్యా. పోయినసారి పిల్లలు చప్పట్లు కొడితే వంగి నమస్కారం పెట్టారు. ఎలుగుబంట్లు నమస్కారాలు పెట్టవు."

మామగారు మొహం తిప్పుకున్నాడు. జీవితమంతా నాటకాల్లో గడిపిన మనిషి. చప్పట్లంటే ప్రాణం, విమర్శంటే విషం.

కోడలు అడవి అంచున ఉన్న విద్యాకేంద్రంలో టీచరు. బడుల నుంచి వచ్చే పిల్లలకు అంతరించిపోతున్న జంతువుల గురించి పాఠం చెప్పాలి. తర్వాత మంచె ఎక్కించి, వాగు అవతల పుట్ట దగ్గరికి వచ్చే ఎలుగుబంటిని చూపించాలి. చిక్కల్లా ఒక్కటే. ఎలుగుబంట్లు కనిపించడం మానేసి చాలాకాలమైంది. చూపించకపోతే పిల్లలు రారు. పిల్లలు రాకపోతే కేంద్రం మూసేస్తారు.

అందుకని, ఇంట్లో ఖాళీగా కూర్చుని అందరి మీదా విసుక్కునే మామగారికి నల్లటి బొచ్చు వేషం కుట్టించింది. ఆయన పెరటి దారిన వెళ్లి, పొదల చాటున వేషం కట్టుకుని, పుట్టలో ముందే దాచుకున్న బిస్కెట్లు తిని వచ్చేవాడు. ఆ రకంగా ఇంట్లోనూ కాస్త ప్రశాంతత దొరికింది.

ఈరోజు మాత్రం ఆషామాషీ కాదు. అడవి మధ్యలోంచి పెద్ద రోడ్డు వేస్తామంటున్నారు. ఒక్క ఎలుగుబంటి ఉన్నా సరే, రోడ్డు అడవి చుట్టూ తిరిగి పోవాల్సిందేనని నిబంధన. ఉందో లేదో తేల్చడానికి పైనుంచి ఒక అధికారి వస్తున్నాడు. పిల్లలతోపాటే మంచె మీద కూర్చుని చూస్తానన్నాడట.

కోడలికి బతిమాలే తీరిక లేదు. చూసే జనం ఉన్నారంటే జ్వరంలోనూ లేచి పరిగెత్తే మనిషి, వేళకు ఆయనే వస్తాడులే అనుకుని చెప్పులేసుకుంది.

అధికారి ఎలుగుబంట్ల మీద లావుపాటి పుస్తకం రాసినవాడు. అడవికి రావడం మాత్రం ఇదే మొదలు. మంచె మీద తనకు కుర్చీ వేయించుకుని, పిల్లల్ని చెక్కల మీద కూర్చోబెట్టాడు.

పాఠం ముగిసింది. వాగు అవతల పొదలు కదిలాయి. ఎలుగుబంటి బయటికొచ్చింది.

పిల్లలు ఊపిరి బిగబట్టారు. కోడలు తల పట్టుకుంది. ఎప్పుడూ ఉండే ఆ ఠీవి లేదు, ఆ దర్జా లేదు. నిద్రలేచి నీళ్లకోసం వెళ్తున్నట్టు ఈడ్చుకుంటూ నడక. మంచె వైపు కన్నెత్తి చూసింది లేదు. పుట్టలో మూతిపెట్టి జుర్రింది. ఆ తర్వాత పిల్లలకు వెనకభాగం చూపిస్తూ చెట్టుకు వీపు రాసుకుని, అక్కడే చతికిలబడి ఆవులించింది.

అలక తీర్చుకోవడానికి ఈరోజే దొరికిందా అని కోడలు పళ్లు నూరుకుంది.

అధికారి పక్కనున్న పొడవాటి పెట్టె తెరిచి తుపాకీ తీశాడు. "మత్తు సూది వేసి, మెడకు పట్టీ కడదాం. అప్పుడిక ఉన్నట్టు రుజువు. పిల్లలూ, బాగా చూడండి."

"సూదెందుకు సార్? కనిపిస్తోంది కదా."

"కనిపించేవన్నీ ఉన్నట్టు కాదు మేడమ్. ఇందులో పెద్ద జంతువుకు సరిపడా మందుంది. పడ్డదంటే సాయంత్రం దాకా లేవదు."

మామగారు గుండెకు మాత్రలు మింగే మనిషి. దోమల మందు వాసనకే కళ్లు తిరుగుతాయి. ఇటు చూస్తే అడవి, అటు చూస్తే ఇంటి పెద్దదిక్కు. అధికారి ఒక కన్ను మూసి గురిపెట్టాడు.

ఆమె తుపాకీకి అడ్డం పడింది.

"వద్దు సార్. అది ఎలుగుబంటి కాదు. మా మామయ్యగారు."

అని బావురుమంది.

అధికారి ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే తేరుకుని, అన్నీ ముందే తెలిసినవాడిలా నవ్వాడు.

"నడకలోనే పట్టేశాను మేడమ్. మీ నోటితో చెప్పించాలనే ఊరుకున్నా. పిల్లలూ, ఇప్పుడు అసలు పాఠం. ఆ తోలు చూడండి, ఎంత వదులుగా వేలాడుతోందో. కుట్టు కూడా సరిగ్గా కుదరలేదు. పైగా నిజం ఎలుగుబంటి ఇంతమంది ముందు ఆవులించదు. నా పుస్తకంలో స్పష్టంగా ఉంది."

ముందు కూర్చున్న పాప చెయ్యెత్తింది. "మరి చీమల్ని తింటోంది కదా సార్?"

"నటుడమ్మా. పొట్టకూటికి ఏమైనా తింటాడు."

పిల్లలందరిచేతా "అది ఎలుగుబంటి కాదు" అని గట్టిగా వల్లె వేయించాడు. ఆ గోలకు అది విసుగ్గా లేచి, ఒళ్లు విదిలించుకుని పొదల్లోకి వెళ్లిపోయింది. అధికారి మంచె దిగకుండానే ఫోన్ చేశాడు. "ఒక్కటి కూడా లేదు. నేరుగా వేసేయండి."

సాయంత్రానికల్లా చెట్ల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. వాటిని దాటుకుంటూ కోడలు ఇంటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. మామగారు వరండాలో కాళ్లు చాపుకుని కూర్చునున్నాడు.

"కడుపు నిండిందా మామయ్యా? పంతానికి పోయి పిల్లలకు వీపు చూపించారు, ఆవులించారు. మిమ్మల్ని కాపాడుకోబోయి అడవిని పోగొట్టుకున్నాను. ఒక్కరోజు, ఈ ఒక్కరోజు సరిగ్గా చేసి ఉంటే మీ సొమ్మేం పోయేది?"

"బతిమాలకుండా వెళ్లిపోయావుగా," అన్నాడాయన మొహం అటు తిప్పుకునే, "నేనసలు పొద్దున్నుంచీ ఈ గడపే దాటలేదు."