తోపుడక్క నొక్కిన మీట

"రేపొక్క రోజు నా ఖాతా జోలికి రాకండక్కా, మీ కాళ్లు పట్టుకుంటాను," అంటూ దర్జీ బల్ల మీదికి వంగిపోయాడు. మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"కాళ్లు బల్ల కింద ఉన్నాయిలే తమ్ముడూ, ముందు కూర్చో," అంది తోపుడక్క.

ఆ పేరు ఆఫీసు వాళ్లు పెట్టిందే. రకరకాల వాళ్ల తరఫున జనం ఖాతాల్లోంచి డబ్బు లాగడం, చాల్లేదని బ్యాంకు తిప్పికొడితే జరిమానా తగిలించి మళ్లీ తోయడం, అదీ అక్కడి వ్యాపారం. యజమాని రాతిలోంచి నార తీసే రకం. ఒకసారి చచ్చినవాడి ఖాతాలోంచి వాయిదా లాగాడట. ఆ చచ్చినవాడు దుప్పటి తీసి లేచి కూర్చుని, "ఇంకెన్ని మిగిలాయండీ?" అని కనుక్కుని మళ్లీ పడుకున్నాడట!

"కుట్టుమిషను వాయిదా ఇప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది. రేపు పొద్దున్నే మళ్లీ తోయాలి," అందామె కంప్యూటరు చూస్తూ.

"తోస్తే నా పెళ్లాం దక్కదక్కా. రేపు పొద్దున దానికి గుండె ఆపరేషను. దాని గాజులూ నా బండీ అమ్మి ఖాతాలో వేశాను. ఆసుపత్రికి సరిగ్గా సరిపోతుంది. మీరు ముందు లాగేస్తే వాళ్లకు చాలదు. డబ్బు అందందే లోపలికి తీసుకెళ్లరట. ఆ డాక్టరు మళ్లీ ఎప్పుడొస్తాడో! అంతదాకా అది ఆగదు."

"ఆ డబ్బేదో చేత్తో కట్టెయ్యొచ్చుగా?"

"చేతి డబ్బు ముట్టుకోరటక్కా. ఖాతాలోంచే లాక్కుంటామని సంతకం పెట్టించుకున్నారు."

తోపుడక్క లేచి యజమాని గదిలోకి వెళ్లింది. ఆయన తలెత్తకుండానే నవ్వాడు.

"నీకెప్పుడు పట్టిందమ్మా ఈ జాలి జబ్బు? లోకంలో పెళ్లాలందరూ మన వాయిదా రోజునే మంచాన పడతారు. తిరిగొచ్చే పద్దే మనకు పాడిగేదె. పితుకు, పో."

ఆమె మొహం చూడగానే దర్జీకి అర్థమైపోయింది. లేచి నిలబడ్డాడు.

"కాదన్నారు కదూ? పోన్లెండక్కా. నేను కుట్టిన చొక్కాలే తిరిగొస్తుంటాయి, బిగుతయ్యాయని. నా డబ్బు తిరిగి రాకేం చేస్తుంది?"

ఏడ్చినా ఆమె తట్టుకునేదేమో. ఈ నవ్వుకే కరిగిపోయింది. అద్దాల గదిలో యజమాని అటు తిరిగి ఫోనులో ఎవరి మీదో కేకలేస్తున్నాడు. యజమాని తప్ప ఎవరూ నొక్కకూడని మీట ఒకటుంది కంప్యూటర్లో. అది నొక్కితే ఆ ఖాతా మీదికి ఆఫీసు నుంచి ఏ వసూలూ ఒక రోజంతా పోదు. దొరికితే ఉద్యోగం ఊడుతుంది. తోపుడక్క కళ్లు మూసుకుని నొక్కేసింది.

"ఇక వెళ్లు. రేపు సాయంత్రం దాకా ఈ ఆఫీసు నుంచి నీ ఖాతా మీద ఈగ కూడా వాలదు."

దర్జీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మెడలో టేపుతోనే కళ్లు తుడుచుకున్నాడు. ఎన్ని అంగుళాల కన్నీళ్లు వచ్చాయో ఆ టేపుకే తెలియాలి.

మర్నాడు పొద్దున తోపుడక్క ఎప్పుడూ లేనంత హుషారుగా కుర్చీలో కూర్చుంది. ఇంకా సంచీ కింద పెట్టకముందే ఫోను మోగింది.

"అమ్మా, నేను ఆసుపత్రి నుంచండీ. మా ఆవిడను ఆపరేషను గది గుమ్మంలోంచి వెనక్కి తెచ్చేశారు. ఖాతాలో డబ్బుంది, ఐనా వాళ్లకు రాలేదట. 'మాకేం తెలుసు, మా తరఫున లాగేవాళ్లను అడుగు' అని ఈ నంబరిచ్చారు. కాస్త తొందరగా చూడండమ్మా, డాక్టరు కారెక్కేస్తున్నాడు!"

తోపుడక్క కళ్లు కంప్యూటర్లోని ఆ మీట మీద పడ్డాయి. "తమ్ముడూ..." అని మాత్రం అనగలిగింది.

అవతల గొంతు తడబడింది.

"అక్కా? ఆసుపత్రి వాళ్లిచ్చిన నంబరుకు చేస్తే... మీరెత్తారేంటక్కా?"